పొగాకు బ్యారన్లలో బొమ్మలు

మొదటి రోజు, రోమ్

విమానం దిగి, స్నానం చేసి రెండు ముద్దలు తిన్నానో లేదో, మా మేనకోడలు "మామయ్యా, బూట్లేసుకో, ఎగ్జిబిషన్ ఉంది" అంది. తను ఇక్కడ పాత బొమ్మలకు మరమ్మతు చేసే కోర్సు చదువుతోంది. రెండేళ్లుగా రమ్మంటుంటే ఈ అక్టోబరులో కుదిరింది. కళ్లు మూతలు పడుతుండగానే ట్రామెక్కాను.

త్రస్తేవెరే అనే పేటలో ఒక సన్న సందు. మన దగ్గర స్కూటర్ మెకానిక్ షెడ్డంత గది, తెల్లటి గోడలు, పైన లైట్లు. యాభై దాటిన ఒక ఇటాలియన్ పెయింటర్ సోలో ఎగ్జిబిషన్ ఆ సాయంత్రమే మొదలైంది. అన్నీ కొత్తగా వేసినవే, అన్నీ అబ్‌స్ట్రాక్టే. చెట్టు లేదు, మనిషి లేడు, కనీసం ఓ చెంబైనా లేదు. బూడిద రంగు మీద సున్నం రంగు, దాని మీద మళ్లీ బూడిద రంగు. కొన్నిట్లో పాత దుప్పటి గుడ్డలు అతికించి, రంగు పూసి, మళ్లీ గీకేశాడు. వచ్చినవాళ్లు చేతిలో వైన్ గ్లాసులతో, బొమ్మలకు వీపు పెట్టి మాట్లాడుకుంటున్నారు. ముహూర్తం వేళ మనవాళ్లు మండపానికి వీపు పెట్టి కబుర్లాడుకున్నట్టే ఉంది.

"ఎలా ఉన్నాయి?" అంది మా పిల్ల.

"బాగున్నాయి."

"ఏం బాగున్నాయి?"

దొరికిపోయాను. బల్ల మీది ధరల కాగితం చూశాక ఇంకాస్త బాగున్నాయనిపించిన మాట నిజమే గానీ, అది చెప్పలేను కదా.

ఆ పెయింటరే మా దగ్గరికొచ్చాడు. మేనకోడలు మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. నేనేం చేస్తానని అడిగాడు. బ్యాంకు ఉద్యోగం, మా నాన్న మాత్రం పొగాకు రైతు అన్నాను. బ్యాంకు సంగతి ఆయన పట్టించుకోలేదు. పొగాకు అనగానే గ్లాసు కింద పెట్టేశాడు. "అయితే చిత్తా ది కాస్తెల్లో చూశారా?" అన్నాడు. ఆ ఊరి పేరు వినడం నాకదే మొదలు. కాన్వాసుకు గుడ్డ అతికించే తనలాంటివాళ్లందరూ అక్కడి ఒక మనిషికి బాకీ ఉన్నారట. ఆ మనిషి బొమ్మలు ఇప్పుడు పొగాకు ఆరబెట్టే షెడ్లలో ఉన్నాయట.

నా నిద్ర అక్కడితో వదిలిపోయింది. మాది కందుకూరు దగ్గర పల్లె. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ పక్కనే పెరిగినవాణ్ని. బ్యారన్‌లో బొమ్మలేంటి?

రెండో రోజు, రోమ్

కొలోసియం అడిగాను. "ఎక్కడికీ పోదులే" అని నేషనల్ మోడరన్ ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లింది. పెద్ద పెద్ద స్తంభాల తెల్ల భవనం. గదులన్నీ దాటించి ఒక్కచోట ఆపింది.

మంచమంత పెద్ద చట్రానికి బిగించిన గోతాలు. రంగుతో వేసిన గోతాల బొమ్మ అనుకునేరు, కాదు, అచ్చంగా గోతాలే. చిరుగులు, మాసికలు, అతుకుల మీద అతుకులు. పేరు కూడా 'పెద్ద గోతాం', 1952 నాటిది. వేసినవాడు, కాదు, కుట్టినవాడు అల్బెర్తో బుర్రి.

బుర్రి 1915లో చిత్తా ది కాస్తెల్లోలో పుట్టాడు. డాక్టరు చదివి సైన్యంలో చేరాడు. 1943లో ట్యునీషియాలో మిత్రరాజ్యాల సైన్యానికి పట్టుబడితే అమెరికాకు తరలించారు. టెక్సస్‌లోని హెర్‌ఫర్డ్ అనే చోట యుద్ధఖైదీల శిబిరంలో పెట్టారు. వైద్యం వదిలేసి బొమ్మలు మొదలెట్టింది అక్కడే. కాన్వాసు దొరక్క గోనెపట్టా మీద వేశాడు. 1946లో ఇటలీ తిరిగొచ్చాక మళ్లీ స్టెతస్కోపు పట్టలేదు. ఇన్నాళ్లూ బొమ్మకు కింద ఉన్న గోనెపట్టాను కొన్నేళ్లకు పైకి తెచ్చాడు. ఇక దాని మీద బొమ్మ వేయడం మానేసి, దాన్నే బొమ్మ చేశాడు.

ఇటలీ జనం ఊరుకోలేదు. 1959లో ఉంబెర్తో తెర్రాచీని అనే కమ్యూనిస్టు సెనేటర్ ఈ గోతాం గురించి పార్లమెంటులోనే ప్రశ్న వేశాడు. గ్యాలరీ డైరెక్టర్ పాల్మా బుకరెల్లి అప్పట్లో పడ్డ మాటలు అన్నీ ఇన్నీ కావు. నాకు ఆ సెనేటరు మీద కోపం రాలేదు. కందుకూరులో ఎవరైనా చిరిగిన గోతాం గోడకు తగిలించి దండం పెట్టమంటే మా నాన్న వేసే ప్రశ్నా అదే.

అయితే ఒక సంగతి. నిన్న 'ఏం బాగున్నాయి' అంటే నోరు పెగల్లేదు కదా, ఇవాళ మాత్రం నేనే చెప్పడం మొదలెట్టాను. ఈ కుట్టు దబ్బనంతో వేసింది. ఈ నేత వదులుది, ధాన్యానికి వాడరు, గింజ కారిపోతుంది. ఇది ఎలుక కొట్టిన చోటు, ఇది కొక్కెం తగిలి చిరిగిన చోటు. రెండు చిరుగులూ ఒకేలా ఉండవు. మా పిల్ల నోరు తెరుచుకుని విన్నది. "మా ప్రొఫెసరు కూడా ఇలా చెప్పలేదు మామయ్యా" అంది. ఆ ఎలుక మాట సరైందని ఒట్టేసి చెప్పలేను గానీ, బస్తాల కొట్టులో గడిచిన చిన్నతనం నాది.

రాత్రికే టికెట్లు చూశాం.

మూడో రోజు, దారి

తెర్మినీ స్టేషన్ నుంచి అరెజ్జోకు పాసింజరు లాంటి రైల్లో రెండు గంటలకు పైనే పట్టింది. అక్కడి నుంచి బస్సు. స్టేషన్ బయట బస్సు సిద్ధంగా ఉంది, డబ్బులివ్వబోతే డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. టికెట్ ముందే కొనుక్కోవాలట. ఎక్కడ? 'తబాక్కీ'లో. అంటే పొగాకు కొట్టులో! ఇటలీలో సిగరెట్లు, స్టాంపులు, బస్సు టికెట్లు అన్నీ ఆ కొట్లలో అమ్ముతారు. బయట పెద్ద 'టి' అక్షరం బోర్డుంటుంది. ఒకప్పుడు ఉప్పు కూడా సర్కారు సరుకే కాబట్టి అదీ అక్కడే దొరికేది. మేం టికెట్లు కొనుక్కుని పరుగెత్తుకొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. పొగాకు మా ఇంటి వాళ్లను ఇబ్బంది పెట్టడం కొత్తేం కాదు.

తరవాతి బస్సు గుట్టలెక్కి దిగి సాన్‌సెపొల్‌క్రోలో వదిలింది. మళ్లీ బస్సు మారాలి, మధ్యలో రెండు గంటల ఖాళీ. ఆ ఊరివాడే పియెరో దెల్లా ఫ్రాంచెస్కా గోడ మీద వేసిన 'పునరుత్థానం' మునిసిపల్ మ్యూజియంలో ఉంది. సమాధిలోంచి లేస్తున్న క్రీస్తు, కింద ఒళ్లు మరిచి నిద్రపోతున్న నలుగురు సైనికులు. ఆ సైనికుల నిద్ర చూస్తే నాకూ ఆవులింత వచ్చింది, అంత బాగా వేశాడు. అయిదు వందల యాభై ఏళ్లు దాటిన బొమ్మ అది. బుర్రికి పియెరో అంటే ప్రాణమంటారు.

ఇక్కడి నుంచి చిత్తా ది కాస్తెల్లో పదిహేను కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. బస్సు కిటికీలోంచి టైబర్ లోయ కనిపిస్తోంది. రోమ్‌లో వంతెనల కింద పారే టైబరే, ఇక్కడింకా మా కందుకూరు వైపు పారే మన్నేరంత. మధ్యలో కొస్పాయా అనే పల్లె ఉంది. దాని కథ మా పిల్ల చెబుతుంటే నమ్మలేదు, ఫోన్లో చూసి నమ్మాను. 1440 ప్రాంతంలో పోపు డబ్బు అవసరమై సాన్‌సెపొల్‌క్రో ప్రాంతాన్ని ఫ్లోరెన్సుకు తాకట్టు పెట్టాడు. హద్దు 'రియో' అనే వాగు అని రాసుకున్నారు. తీరా చూస్తే పక్కపక్కనే రెండు వాగులు, రెంటి పేరూ రియోనే. వీళ్లు ఒకదాన్ని, వాళ్లు ఇంకోదాన్ని హద్దనుకున్నారు. మధ్యలో మిగిలిన కొస్పాయా ఎవరికీ చెందలేదు. ఊరివాళ్లు ఊరుకుంటారా? మాది స్వతంత్ర దేశం అనేశారు. పన్ను లేదు, సైన్యం లేదు, దాదాపు నాలుగు వందల ఏళ్లు అలాగే నడిచింది. సర్వే రాళ్ల తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగే మన ఊళ్లలో ఇలా ఒక్కటైనా జరగలేదే అనిపించింది.

ఆ దేశం బతికింది పొగాకు మీదే. 1570ల్లో సాన్‌సెపొల్‌క్రో బిషప్ తోర్నబువోనికి పారిస్‌లో ఉన్న బంధువు పంపిన విత్తనాలతో ఈ లోయలోకి పొగాకు వచ్చింది. చుట్టుపక్కల ఆంక్షలు, సుంకాలు. కొస్పాయాలో అడిగేవాడే లేడు, ఇష్టమొచ్చినంత వేసుకున్నారు. 1826లో ఆ ఊరిని పంచుకుని స్వతంత్రం తీసేసినప్పుడు, పరిహారం కింద ఊరివాళ్లకు తలా ఒక వెండి నాణెం, ఏటా అయిదు లక్షల మొక్కల దాకా పొగాకు వేసుకునే హక్కు ఇచ్చారట. అంటే మన పొగాకు బోర్డు కోటా లాంటిదే, కాకపోతే అక్కడది దేశం ఖరీదు.

రాత్రి చిత్తా ది కాస్తెల్లోలో పెనం మీద కాల్చిన మందపాటి రొట్టె తిన్నాం. దాన్నిక్కడ 'చచ్చ' అంటారు. "చచ్చ తింటారా?" అని ఆ హోటలావిడ ఆప్యాయంగా అడుగుతుంటే మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

నాలుగో రోజు, చిత్తా ది కాస్తెల్లో

ఊరి చుట్టూ పాత కోటగోడ, లోపల రాతి వీధులు. పడుచు వయసులో రఫాయెల్ ఈ ఊరి గుళ్లకు బొమ్మలు వేశాడు, వాటిలో పేరున్నది ఇప్పుడు మిలాన్‌లో ఉంది. సినిమా తార మోనికా బెలూచ్చిది కూడా ఈ ఊరే. ఈ రెండోది మా పిల్ల చెప్పకపోయినా నాకు తెలుసు.

పొద్దున్నే పలాజ్జో అల్బిజ్జీనికి వెళ్లాం. పదిహేనో శతాబ్దపు మేడ. బుర్రి 1978లో ఫౌండేషన్ పెట్టి, తన బొమ్మల్ని సొంత ఊరికిచ్చి, ఏ గదిలో ఏది ఉండాలో తానే దగ్గరుండి పెట్టించాడు. 1981లో తలుపులు తెరిచారు. మొన్నటి ఎగ్జిబిషన్ నెల రోజులకు ఎత్తేస్తారు. ఇది మాత్రం ఎత్తని సోలో ఎగ్జిబిషన్.

1949 నాటి ఒక చిన్న బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అందులో అతికించిన గోనెముక్క మీద అమెరికా జెండా అచ్చు తునకలు కనిపిస్తాయి. యుద్ధం తరవాత ఇటలీకి సాయంగా వచ్చిన సరుకుల బస్తాలవి. చిన్నప్పుడు మా ఊరి బడికి అలా అక్షరాలచ్చేసిన సంచుల్లో గోధుమ రవ్వ వచ్చేది. రవ్వ అయిపోయాక ఆ సంచీ కోసం ఆయాల మధ్య పోట్లాటే.

తరవాతి గదుల నిండా గోతాలు. వాటిని చూసినవాళ్లు గాయాలంటారు. డాక్టరు కదా, యుద్ధం చూశాడు కదా, కాబట్టి చిరుగు అంటే గాయం, కుట్టు అంటే ఆపరేషన్ కుట్టు. ఎర్ర రంగు కనపడితే ఇక చెప్పక్కర్లేదు, నెత్తురు. బుర్రి మాత్రం ఈ మాటలకు ఎప్పుడూ ఒప్పుకోలేదు, తన బొమ్మల గురించి మాట్లాడమంటే మాటలు తనకు సాయపడవనేవాడు. పేర్లు కూడా అలాగే పెట్టాడు: గోతాం, ఇనుము, కట్టె, ప్లాస్టిక్, ఎరుపు. అంతే.

నాకు గాయాలు కనపడలేదు. మా నాయనమ్మ కనపడింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారాలో కాళ్లు చాపుకుని, దబ్బనంలో పురికొస ఎక్కించి గోతాలు బాగుచేసేది. చిన్న చిరుగైతే కుట్టు, పెద్దదైతే ఇంకో గోతాం కోసి మాసిక. ఒక గోతాన్ని ఎన్నిసార్లు బాగుచేసిందంటే, చివరికి దాన్లో అసలు గోతాం ఎంతో మాసికెంతో తెలిసేది కాదు. ఇక ఎందుకూ పనికిరాదన్నప్పుడు గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోడానికి పరిచేది. బుర్రి దాన్ని ఆ గుమ్మం దగ్గరే ఆపి గోడకెక్కించాడు. ఇదే నాకర్థమైంది. గోతాల గదుల్లో ఆయన కుట్టు మా నాయనమ్మ కుట్టు కన్నా వంకర, అది కూడా చెప్పాలి. కావాలనే వంకరగా కుట్టాడంటుంది మేనకోడలు.

పై గదుల్లో మంట మొదలవుతుంది. 1950ల నడిమి నుంచి కాగితం, చెక్క, ఆ తరవాత ప్లాస్టిక్, మంటతో కాల్చి బొమ్మ చేశాడు. ఎర్ర ప్లాస్టిక్ కరిగి, ముడుచుకుని, బొక్కలు పడి వేలాడుతుంటుంది. అందరూ అందంగా ఉందంటున్నారు, నాకు కడుపులో తిప్పింది. బ్యారన్ల ఊళ్లో పుట్టినవాడికి నిప్పు అందంగా కనపడదు. లోపల కర్రలకు కట్టిన ఆకు ఒక్కటి జారి కాలుతున్న గొట్టం మీద పడిందా, తెల్లారేసరికి బ్యారనూ ఉండదు, ఆ ఏటి పంటా ఉండదు. మా పక్కవాళ్లది అలాగే పోయింది. ఆ గది తొందరగా దాటేశాను.

ఆ తరవాతివి 'క్రెత్తో'లు. తెల్లగానో నల్లగానో ముద్ద పూసి, ఆరి పగుళ్లిచ్చేదాకా వదిలేసినవి. వీటికి మన భాషలో వేరే మాట వెతకనక్కర్లేదు: నెర్రెలు. ఏప్రిల్‌లో మా చెరువు అడుగు. సిసిలీలో 1968 జనవరి భూకంపానికి నేలమట్టమైన జిబెల్లీనా ఊరి శిథిలాల మీద, పాత వీధుల గీతలు అలాగే ఉంచి, ఇదే నెర్రెల నేలను తెల్ల సిమెంటుతో పరిచాడు. నెర్రెల్లో మనుషులు నడుస్తారు, ఎందుకంటే అవి ఒకప్పటి సందులు. ఫోటోలోనే చూశాను. అంత దూరం ఈసారికి కుదరదు.

మధ్యాహ్నం ఒక గంట తేలా ఉంబ్రా అనే నేతశాలలో గడిపాం. 1908లో ఫ్రాంకెత్తి దంపతులు ఊరి ఆడవాళ్లకు పని కల్పించాలని పెట్టారు, ఇప్పటికీ చెక్క మగ్గాల మీద నార బట్ట నేస్తున్నారు. మా అమ్మమ్మది చీరాల. కళ్లు మూసుకుంటే చప్పుడులో తేడా లేదు. మన మాంటిస్సోరి బళ్ల మాంటిస్సోరి ఉందే, ఆవిడ 1909లో టీచర్లకు మొదటి శిక్షణ తరగతి పెట్టింది కూడా ఆ దంపతుల అండతో ఈ ఊళ్లోనే. చిన్న తువ్వాలు కొందామనుకుని, ధర విని, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అయిదో రోజు, బ్యారన్లు

ఊరి చివరికి నడుచుకుంటూ వెళ్లాం. మలుపు తిరగ్గానే నల్లగా వరసగా కనిపించాయి.

మా బ్యారన్ అంటే నాలుగు గోడలు, పైన రేకులు, ఒక పక్క పొయ్యి, లోపల గొట్టాలు. వీటి ముందు అది అగ్గిపెట్టె. ఇవి పదకొండు షెడ్లు, ఒక్కోటీ గోడౌనంత. రైలు పెట్టెల్లా ఒకదాని పక్కన ఒకటి, బయటంతా నలుపే. ఆ నలుపు బుర్రి చెప్పి వేయించిందే. లోయలోని పొగాకంతా ఒకప్పుడు వీటిలో ఆరేది. 1966 నవంబరులో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్సు మునిగినప్పుడు, తడిసిన పుస్తకాల్ని ఇక్కడికి తెచ్చారు. ఆకు ఆరబెట్టేచోట ఆకుల పుస్తకాలు ఆరబెట్టారన్నమాట. తరవాత పొగాకు పని ఆగిపోయి ఖాళీ పడ్డాయి. పెద్ద బొమ్మలకు చోటు చాలక బుర్రి 1970ల చివర నుంచి ఇక్కడ పనిచేశాడు. 1990లో ఇదే రెండో మ్యూజియం అయింది. అయిదేళ్లకు, 1995లో, ఆయన పోయాడు.

లోపలికి అడుగుపెట్టగానే నేను చేసిన మొదటి పని గట్టిగా గాలి పీల్చడం. ఆకు ఆరబెట్టే క్యూరింగ్ రోజుల్లో మా ఊరంతా ఒకటే వాసన. పచ్చాకు పచ్చి వాసన మొదట, మూడో రోజుకు తీపి, చివర్లో ఎండు బెల్లం లాంటిది. రాత్రిళ్లు నాన్న పొయ్యి ముందు మంచమేసుకుని, గంటగంటకూ లేచి థర్మామీటర్ చూసి మొద్దులు ఎగదోసేవాడు. నేను పక్కన పడుకుని ఆ వాసనలోనే నిద్రపోయేవాణ్ని. ఇక్కడ నా ముక్కుకైతే ఏమీ తగల్లేదు. చల్లటి సిమెంటు వాసన, అంతే.

మొదటి వరసకు పేరు 'ప్రయాణం'. 1979 నాటివి, పది పెద్ద బొమ్మలు. గోతాం నుంచి నిప్పు, ఇనుము, నెర్రెల దాకా తను నడిచిన దారిని బుర్రి మళ్లీ పెద్దగా చెప్పుకున్నాడు. నిన్న మేడలో చిన్న గదుల్లో చూసినవాటికి ఇక్కడ ఊపిరాడింది. ఒక్కో బొమ్మకు చుట్టూ పొలమంత ఖాళీ. వెనక్కి నడుస్తూ నడుస్తూ చూడొచ్చు. ఇంత ఖాళీ ఏ డబ్బున్న మ్యూజియమూ ఇవ్వలేదేమో. పొగాకే ఇచ్చింది.

ఆ తరవాత 1983 నాటి 'సెక్స్టెంట్' వరసలో రంగులు ఒక్కసారి విరుచుకుపడతాయి. అంతవరకూ నలుపు, ఎరుపు, గోనె రంగు చూసిన కళ్లకు పండగ. దాన్ని దాటాక మళ్లీ నలుపే. షెడ్డు తరవాత షెడ్డు, సెలోటెక్స్ అనే చెక్కపొట్టు అట్టల మీద నలుపు మీద నలుపు. నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు విసుగొచ్చింది. మోకాళ్లు కూడా పట్టేశాయి. "నిలబడి చూస్తే ఏం కనపడదు మామయ్యా, అటూ ఇటూ కదులు" అంది మా పిల్ల. కదిలితే నిజమే, ఒక నలుపు మెరుస్తుంది, ఇంకో నలుపు మెరవదు, మధ్యలో ఆకారాలు తేలతాయి. ఒకటి రెండు అలా చూశాను. నూట ఇరవై ఎనిమిది బొమ్మల్లో ఇన్ని నలుపులు అక్కర్లేదనే నా మాట. తను ఒప్పుకోలేదు. ఒక షెడ్డు పొడుగునా వాదించుకుని, చివరి గోడ మీద నలుపులో బంగారు రేకు మెరుస్తుంటే ఇద్దరం మాట్లాడ్డం మానేశాం.

బయటికొచ్చి గడ్డి మీద కూర్చుని నాన్నకు వీడియో కాల్ చేశాను. మాకు మధ్యాహ్నం ఒంటిగంట, అక్కడ నాలుగున్నర. చేలో నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, భుజాన కండువా అలాగే ఉంది. మేం బ్యారన్ లైసెన్సు వదులుకుని ఆరేళ్లయింది. నాన్న ఇప్పుడు శనగ వేస్తున్నాడు.

"ఏందిరా అది, తారు పూశారా?"

"రంగు నాన్నా. ఇవి పొగాకు బ్యారన్లు."

"అంత పెద్దయ్యా? నల్ల రంగేస్తే ఎండకి కాగిపోవూ?"

"ఇప్పుడు లోపల ఆకు లేదు. బొమ్మలున్నాయి. గోతాలు కుట్టిన బొమ్మలు."

ఆయన బొమ్మల మాట వినిపించుకోలేదు. మొహం ఫోన్‌కు దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. తెర మీద సగం నుదురు, ఒక కన్ను.

"మెల్లగా తిప్పు" అన్నాడు. తిప్పాను.

"ఆ చివరిదాకా పో." లేచి నడిచాను. మేనకోడలు వెనకే వచ్చింది. ఒక్కో షెడ్డూ దాటుతుంటే ఆయన లోపల్లోపల ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి. పదకొండోదాని మూల తిరగబోయాను.

"ఆగరా" అన్నాడు నాన్న. "అక్కడే పట్టుకో, కాసేపు చూడనీ."